కథ మళ్లీ మొదటికి: పాత టీవీ సీరియళ్లూ, వాటిని సినిమా చేసిన తీరూ

నమస్కారం. ముందు మీ ఫోన్లలో స్టాప్‌వాచ్ తెరిచి పక్కన పెట్టుకోండి. ఈ పూట అభిమానంతో కాదు, కొలతలతో పని. పాత సీరియల్‌నీ దాన్నుంచి తీసిన సినిమానీ పక్కపక్కన చూసినవాళ్లు "పాతదే బంగారం" అనో, "కొత్తదే స్పీడుగా ఉంది" అనో తేల్చేస్తారు. ఏది తీసేశారు, ఏది ఉంచారు, ఉంచినదాన్ని ఎక్కడికి జరిపారు? ఈ లెక్క మాత్రం తేల్చరు. మనం అది తేలుద్దాం.

విసుగొచ్చినప్పుడు మనం "కథ మళ్లీ మొదటికొచ్చింది" అంటాం కదా. 1960ల అమెరికన్ టీవీకి ఆ తిట్టే సూత్రం. కిందటి వారం చూడనివాళ్లకి కూడా ఈ వారం అర్థం కావాలి. తర్వాత రీరన్లు కొనుక్కున్న స్టేషన్ ఏ ఎపిసోడ్ ముందు వేసినా, ఏది వెనక వేసినా ఇబ్బంది ఉండకూడదు. అందుకని యాభై నిమిషాల్లో ఎన్ని కొంపలు మునిగినా, చివరి నిమిషానికి అందరూ ఎక్కడ బయల్దేరారో అక్కడికే చేరాలి. సినిమాకి ఇది పనికిరాదు. టికెట్టు కొన్నవాడు ఒక్కసారే వస్తాడు, వాడికి ముగింపు కావాలి. అంటే సీరియల్‌ని సినిమా చేయడమంటే చిన్నదాన్ని పెద్దది చేయడం కాదు, గానుగెద్దుని తెచ్చి పరుగు పందెంలో నిలబెట్టడం. ఎద్దు అదే. కానీ అది నడవడం నేర్చుకున్నది గుండ్రంగా.

పోలిక మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్న ప్రింటు సరైనదో కాదో చూసుకోవాలి. చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది నిడివి. 1960లలో గంట స్లాటులో కార్యక్రమం సుమారు 51 నిమిషాలు, మిగతాది యాడ్లు. మీ దగ్గరున్న ఎపిసోడ్ 45, 46 నిమిషాలే వస్తే, అది రీరన్ల కోసం కత్తిరించిన కాపీ. కోతపడేది ఫైటింగు కాదు, ఇద్దరు మనుషులు ఊరికే కూర్చుని మాట్లాడుకునే సీను. అది పోయాక "పాత సీరియల్‌లో పాత్రలకి లోతు లేదు" అంటే, ఆ తప్పు కత్తెరది.

అయితే 49 నిమిషాలు వస్తే కంగారు పడకండి. అది ఐరోపా, మన దేశం వాడిన 'పాల్' టీవీ ప్రసార పద్ధతి ప్రింటు కావచ్చు. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన ఫిల్ముని 25 ఫ్రేములతో నడిపిస్తే 51 నిమిషాలు 49కి దిగుతాయి. సీను ఒక్కటీ పోదు గానీ అన్నీ నాలుగు శాతం తొందరపడతాయి, గొంతులు కాస్త సన్నబడతాయి. సినిమా వేగాన్ని దీనితో పోలిస్తే లెక్క తప్పుతుంది.

రెండోది ఫ్రేము. ఇవి 4:3 చట్రంలో తీసినవి. వెడల్పు టీవీ నిండాలని పైనా కిందా కోసి 16:9 చేస్తే బొమ్మలో సరిగ్గా పావు వంతు పోతుంది. దగ్గరి షాట్లలో నుదురు తెగుతుంటే, టైటిల్ అక్షరాలు అంచుకి ఒరుసుకుంటుంటే, అది కోసిన ప్రింటు. పక్కన నల్ల పట్టీలుంటేనే మంచిది.

మూడోది సంగీతం. ఈ పూట మనం కొలవబోయే 'ది ఫ్యుజిటివ్' సీరియల్ రెండో సీజన్ తొలి భాగం 2008లో డీవీడీగా వచ్చినప్పుడు, చాలాచోట్ల అసలు నేపథ్య సంగీతం తీసేసి కొత్తగా సింథసైజర్ మీద చేసింది పెట్టారు. 1964 నాటి బొమ్మకి అది అతకలేదు. అభిమానులు గోల చేశారు, తర్వాతి విడుదలల్లో చాలావరకు సరిదిద్దారు. పాత డిస్కు దొరికితే ముందు ఈ సంగతి చూసుకోండి.

నాలుగోది మీ ఇంట్లో ఉన్నదే. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగు (ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు చేర్చి కదలికని నునుపు చేసే ఏర్పాటు) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే 1963 నాటి ఫిల్మూ, నిన్నటి డైలీ సీరియలూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక 'ది ఫ్యుజిటివ్'. 1963 సెప్టెంబరు 17న అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైంది. ఊహించినవాడు రాయ్ హగ్గిన్స్, తీసింది క్విన్ మార్టిన్ సంస్థ. మొత్తం 120 ఎపిసోడ్లు, మొదటి 90 బ్లాక్ అండ్ వైట్, చివరి 30 రంగుల్లో. డేవిడ్ జాన్సెన్ వేసిన డాక్టర్ రిచర్డ్ కింబుల్ పిల్లల వైద్యుడు. భార్యని చంపాడని మరణశిక్ష పడింది. తీసుకెళ్తున్న రైలు పట్టాలు తప్పింది, తప్పించుకున్నాడు. అసలు హంతకుడైన ఒంటి చెయ్యి మనిషిని వెతుక్కుంటూ ఊరూరా మారుపేర్లతో కూలీనాలీ చేసుకుంటున్నాడు. వెనకాల తరుముతూ పోలీసు లెఫ్టినెంట్ జెరార్డ్.

ఏ ఎపిసోడ్ పెట్టినా తెర మీద "యాక్ట్ 1", "యాక్ట్ 2" అని అక్షరాలు పడతాయి. నాలుగు యాక్టులు, చివర "ఎపిలాగ్". క్విన్ మార్టిన్ సీరియళ్ల ముద్ర అది. ఈ పేర్లు అలంకారం కాదు, యాడ్ల విరామాలు ఎక్కడొస్తాయో చెప్పే గుర్తులు. ప్రతి యాక్టు చివరా ఒక ముడి పడాలి, లేకపోతే ప్రేక్షకుడు ఛానల్ తిప్పేస్తాడు. మీరు స్టాప్‌వాచ్ నొక్కాల్సింది అక్కడ. ముడి పడ్డ ప్రతిసారీ సమయం రాసుకుని, పక్కన ఒకే ఒక్క మాట రాయండి: ప్రమాదం కింబుల్‌దా, ఆ ఊరివాళ్లదా?

పది ఎపిసోడ్లు ఇలా చేస్తే ఒక సంగతి బయటపడుతుంది. చాలా ముళ్లు కింబుల్‌వి కావు. ఆ ఊళ్లో మొగుడితో దెబ్బలు తింటున్న ఆడమనిషిది, అప్పుల్లో మునిగిన రైతుది, జబ్బు పడ్డ పిల్లాడిది. కింబుల్ మెల్లగా జారుకోవచ్చు, జారుకోడు. సాయం చేస్తాడు, సాయం చేయడం వల్లే గుర్తుపడతారు, మళ్లీ పరుగు. సాయం, గుర్తింపు, పరుగు: గానుగ ఇదే. జెరార్డ్ కనిపించేది మూడింట ఒక వంతు ఎపిసోడ్లలోనే. ఒంటి చెయ్యి మనిషి పది ఎపిసోడ్ల చుట్టుపక్కల. అంటే హంతకుడి వేట ఆ సీరియల్‌కి ఇంజను కాదు, పెట్రోలు కూడా కాదు. బండి మీద రాసిన పేరు, అంతే.

సినిమా 1993లో వచ్చింది. ఆండ్రూ డేవిస్ దర్శకుడు, హారిసన్ ఫోర్డ్ కింబుల్, టామీ లీ జోన్స్ జెరార్డ్. 130 నిమిషాలు. కింబుల్ ఇక్కడ చికాగోలో రక్తనాళాల సర్జన్. హత్య, అరెస్టు, విచారణ, శిక్ష, బస్సు, రైలు, అన్నీ దాదాపు తొలి ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. సీరియల్ ఇదంతా టైటిల్స్‌లో విలియం కాన్రాడ్ గొంతుతో నిమిషం చుట్టుపక్కల చెప్పేసేది. హత్య జరిగిన రాత్రిని విడమరిచి చూపించడానికి తొలి సీజన్లో 'ది గర్ల్ ఫ్రమ్ లిటిల్ ఈజిప్ట్' అనే ఎపిసోడ్ దాకా ఆగింది. రైలు ప్రమాదానికి సినిమావాళ్లు నార్త్ కరొలైనాలోని డిల్స్‌బరో దగ్గర నిజం రైలునే బస్సుకి గుద్దించారు. రెండోసారి తీయడానికి ఇంకో రైలు లేదు కాబట్టి చాలా కెమెరాలు పెట్టి ఒక్క టేకులో కానిచ్చారు. ఆ తుక్కు చాలా ఏళ్లు పట్టాల పక్కనే చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఉండిపోయింది.

అందరూ రైలు గురించే చెబుతారు. నేను చూడమనేది ఇంకో సీను. కింబుల్ కుక్ కౌంటీ ఆసుపత్రిలో ఊడ్చేవాడి వేషంలో దూరతాడు. కృత్రిమ చేతులు పెట్టించుకున్నవాళ్ల రికార్డులు కావాలి. ఆ పని అయిపోతుంది, తలుపు ఎదురుగా ఉంది, వెళ్లిపోవచ్చు. సరిగ్గా అప్పుడే క్యాజువాలిటీలోకి ప్రమాదం కేసులు వచ్చిపడతాయి. ఒక పిల్లాడి స్ట్రెచర్‌ని పరిశీలన గదికి తోసుకెళ్లమని ఇతని చేతికిస్తారు. తోస్తూ ఎక్స్‌రే వెలుగులోకి ఎత్తి చూస్తాడు. ఎక్కడ నొప్పి అని పిల్లాణ్ని అడుగుతాడు. లిఫ్టులో ఆ కాగితం మీద ఉన్న ఆదేశం మార్చేసి, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి అప్పజెప్పేస్తాడు. ఎక్స్‌రే ఎందుకు చూశావని జూలియన్ మూర్ వేసిన డాక్టర్ నిలదీస్తుంది, బ్యాడ్జి లాక్కుంటుంది, ఇతను పరుగు.

సాయం, గుర్తింపు, పరుగు. నాలుగేళ్ల సీరియల్ మొత్తం ఆ కొద్ది నిమిషాల్లో ఉంది! పిల్లల డాక్టర్ని సర్జన్ని చేసేశారు గానీ, కాపాడటానికి మాత్రం పిల్లాణ్నే పెట్టారు. తెలిసి చేసినవాళ్ల పని ఇది. పైగా తీసేస్తే కథ తెగేలా కుట్టారు: పిల్లాడు బతికాడని తెలిశాకే జెరార్డ్‌కి అనుమానం మొదలవుతుంది, పారిపోతున్నవాడు ఇంత తెగింపు ఎందుకు చేశాడని. సీరియల్‌లో ప్రతి వారం తిరిగిన చక్రం సినిమాలో ఒక్కసారి తిరిగి, తర్వాతి చక్రాన్ని కదిలించింది.

జెరార్డ్‌ని కూడా మార్చారు. టీవీలో అతని చేతుల్లోంచే ఖైదీ తప్పించుకున్నాడు, అందుకే అది సొంత పరువు సమస్య. సినిమాలో అతను ఫెడరల్ మార్షల్, కేసుతో ముందు సంబంధం లేదు. నువ్వు చంపావా లేదా అన్నది నా పని కాదు, పట్టుకోవడమే నా పని అన్న ధోరణి. పగ లేదు కాబట్టి మనసు మార్చుకోవడానికి అడ్డం లేదు. 130 నిమిషాల్లో మారాల్సిన మనిషికి నాలుగేళ్ల పగ బరువవుతుంది. ఆ పాత్రకి టామీ లీ జోన్స్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది.

మనవైపు ఒక్క మాట. ఈ సినిమా ఛాయలతోనే మహేశ్ భట్ దర్శకత్వంలో నాగార్జున 'క్రిమినల్' వచ్చింది, తెలుగులో 1994, హిందీలో 1995. మలయాళంలో 1995లోనే మోహన్‌లాల్ 'నిర్ణయం'. హాలీవుడ్ సినిమాలో భార్య జ్ఞాపకాల ముక్కల్లో మెరిసి మాయమవుతుంది. మనకి అది చాలదు. పోయిన మనిషి కోసం ప్రేక్షకుడు బాధపడాలంటే ముందు ఆమెతో ఓ పాట పాడాలి. కీరవాణి "తెలుసా మనసా" చేస్తున్నది ఆ పనే. కథ మరిచిపోయినవాళ్లకీ పాట గుర్తుంది, అది వేరే సంగతి.

సీరియల్ ముగింపు కూడా చూడాలి. ఆ రోజుల్లో సీరియళ్లకి ముగింపు ఉండేది కాదు, ఒక సీజన్ చివర ఆగిపోయేవి. జవాబు తెలిసిపోయిన మిస్టరీని రీరన్లలో ఎవరు చూస్తారన్న భయం ఒకటి. 'ది ఫ్యుజిటివ్' ఆ రిస్కు తీసుకుంది. 1967 ఆగస్టు 22, 29 తేదీల్లో 'ది జడ్జ్‌మెంట్' రెండు భాగాలు వచ్చాయి. రెండో భాగం రాత్రి అమెరికాలో టీవీ ఆన్ చేసి ఉన్న ఇళ్లలో నూటికి 72 ఇళ్లు అదే చూశాయి. 1980లో 'డాలస్' సీరియల్ ఎపిసోడ్ ఒకటి దాటేదాకా సీరియళ్లలో ఆ రికార్డు చెక్కుచెదరలేదు. అంటే తిరిగే చక్రాన్ని చూడటానికి అలవాటుపడ్డ జనమే అది ఆగే రోజు కోసం నాలుగేళ్లు కాచుకున్నారన్నమాట.

ఇప్పుడు 'మిషన్: ఇంపాజిబుల్'. ఇక్కడ లెక్క తలకిందులు. 1966 నుంచి 1973 దాకా సీబీఎస్‌లో 171 ఎపిసోడ్లు, సృష్టికర్త బ్రూస్ గెల్లర్. రహస్య ఏజెంట్ల జట్టు కథ ఇది. ఈ పాత్రలకి ఇల్లు లేదు, పెళ్లాం పిల్లలు లేరు, గతం లేదు. గెల్లర్ కావాలనే అలా ఉంచాడు. చేయాల్సిన పని చెప్పే టేపు వింటారు, అది కాలిపోతుంది, గదిలో కూర్చుని పరికరాలు పరీక్షిస్తారు, బయల్దేరతారు. ఆ గది సీను గమనించండి: వస్తువు చూపిస్తారు, ఎందుకో చెప్పరు. ఒక చిన్న గొట్టం, ఒక నకిలీ గోడ, ఒక ముఖం తొడుగు. తర్వాత నలభై నిమిషాలు ఆ వస్తువు దేనికో మనకి తెలిసిపోవడమే కథ. మాటలు తక్కువ, చేతులు ఎక్కువ.

సంగీతం దగ్గర కాసేపు ఆగుదాం. లాలో షిఫ్రిన్ ఇచ్చిన ఆ బాణీ అయిదు లెక్కలో నడుస్తుంది. మనవాళ్లకి ఇది కొత్త కాదు, ఖండం. చప్పట్లతో వేసి చూడండి: తకిట తకిట తక తక. మూడు, మూడు, రెండు, రెండు, మొత్తం పది అక్షరాలు. రెండు పొడుగు, రెండు పొట్టి. మోర్స్ కోడ్‌లో రెండు గీతలు ఎం, రెండు చుక్కలు ఐ. 1996 సినిమాకి యూ2 రాక్ బృందంలోని ఆడమ్ క్లేటన్, లారీ ములెన్ కలిసి ఇదే బాణీని డాన్సు పాటగా చేసినప్పుడు నాలుగు లెక్కకి మార్చేశారు. తకధిమి మీద జనం గెంతగలరు, పది అక్షరాల ఖండం మీద తడబడతారు. పాట సూపర్ హిట్టు. కానీ ఆ కుంటినడకలో ఉన్న "ఏదో తేడాగా ఉందే" అన్న గుబులు మాత్రం పోయింది.

ఆ సినిమా దర్శకుడు బ్రయాన్ డి పాల్మా, హీరో టామ్ క్రూజ్. లాంగ్లీలోని సీఐఏ కార్యాలయంలో ఖజానా గది సీను టీవీ సూత్రానికి నేరు వారసుడు. శబ్దం పెరిగితే అలారం, ఉష్ణోగ్రత పెరిగితే అలారం, నేల మీద బరువు పడితే అలారం. మూడు నియమాలు ముందే చెప్పేసి, ఆ తర్వాత మాటల్లేకుండా, సంగీతం కూడా లేకుండా నడిపారు. పైన తాడు పట్టుకున్నవాడి దగ్గరికి ఎలుక వస్తుంది, తాడు జారుతుంది, క్రూజ్ నేలకి అంగుళాల ఎత్తులో చేతులు చాచి ఆగుతాడు. ఆ నిలకడ కోసం బూట్లలో నాణేలు పెట్టుకున్నాడు. కళ్లద్దం అంచున చెమట బొట్టు. దాన్ని అరచేత్తో పట్టుకుంటాడు. కోట్ల డాలర్ల సినిమాలో హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది ఒక చెమట బొట్టు కోసం!

అదే సినిమా ఇంకోచోట పాతవాళ్ల గుండెలో గునపం దించింది. సీరియల్‌లో రెండో సీజన్ నుంచి జట్టు నాయకుడు జిమ్ ఫెల్ప్స్, వేసింది పీటర్ గ్రేవ్స్. సినిమాలో జిమ్ ఫెల్ప్సే ద్రోహి, వేసింది జాన్ వాయిట్. గ్రేవ్స్ ఆ పాత్ర ఒప్పుకోలేదు. సీరియల్‌లో బార్నీగా వేసిన గ్రెగ్ మోరిస్ సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. కథ అవసరంగా చూస్తే ద్రోహి ఉండాల్సిందే, గొడవ లేదు. నా అభ్యంతరం లెక్కకి సంబంధించింది. ఆ ద్రోహికి వేరే పేరు పెడితే కొత్త ప్రేక్షకుడికి పోయేదేమీ లేదు, అతనికి ఫెల్ప్స్ ఎవరో తెలియదు. దెబ్బ తగిలేది పాత ప్రేక్షకుడికి ఒక్కడికే. ఇరవై ఏళ్ల నమ్మకాన్ని ఖర్చుపెట్టి, ఎవరికీ ఏమీ కొనిపెట్టలేదు.

తర్వాతి భాగాలు మెల్లగా జట్టు వైపే వచ్చాయి. 2011 నాటి 'ఘోస్ట్ ప్రోటోకాల్'లో చేసిన అల్లరి నాకు ముచ్చట. సందేశం తనంతట తాను కాలిపోవాలి, కాలదు, వెనక్కొచ్చి ఒక్కటి చరిస్తే అప్పుడు కాలుతుంది. ముఖం తొడుగులు చేసే యంత్రం సరిగ్గా అవసరానికి మొరాయిస్తుంది. టీవీలో ఏడేళ్లు తప్పనిది ఇక్కడ తప్పుతుంది, ఉత్కంఠ దాన్నుంచే పుడుతుంది. పాత నియమాన్ని గౌరవించడానికి అది ఒక పద్ధతి: నియమం గుర్తుండేలా చేసి విరగ్గొట్టడం.

మిగతావి గబగబా. 'ది బ్రేడీ బంచ్ మూవీ' (1995) కుటుంబాన్ని 1970లలోనే ఉంచేసి చుట్టూ లోకాన్ని 1990లకి తెచ్చింది. పాత్రలకి తేడా తెలియదు, అదే హాస్యం. '21 జంప్ స్ట్రీట్' (2012) సీరియస్ పోలీసు కథని కామెడీ చేసి, పాతవాటిని మళ్లీ బయటికి తీయడం మీదే తన పోలీసు అధికారి నోటితో జోకు వేయించింది. 'మయామీ వైస్'కి సీరియల్ నడిపిన మైకల్ మానే 2006లో సినిమా తీశాడు. లేత రంగులు తీసేశాడు, జాన్ హామర్ బాణీ తీసేశాడు, డిజిటల్ కెమెరాతో రాత్రుళ్లని గరుగ్గా తీశాడు. నిరాశపడ్డవాళ్లు చాలామంది, కానీ చొక్కాల రంగు సీరియల్ కాదని ఆయనకి తెలుసు. 'వైల్డ్ వైల్డ్ వెస్ట్' (1999)లో రాక్షస ఇనుప సాలీడు ఉంది. ఇంకేముందో గుర్తు చేసుకోండి, చూద్దాం.

మన 'అమృతం' సంగతి ఎత్తకపోతే మీరు నన్ను కదలనివ్వరు. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో, గుణ్ణం గంగరాజు సృష్టి. అరగంట స్లాటు. అమృతరావుకో, ఆంజనేయులుకో ఒక ఆలోచన వస్తుంది, దాంతో దశ తిరిగిపోతుందనుకుంటారు, బోర్లాపడతారు, వచ్చే ఆదివారానికి హోటలూ అప్పులూ యథాతథం. కథ మళ్లీ మొదటికి రావడానికి ఇంతకన్నా అచ్చమైన ఉదాహరణ తెలుగులో లేదు. అమృతం పాత్రలో శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వరసగా మారినా జనం పెద్దగా పట్టించుకోలేదు. ఆంజి మారలేదు. గుండు హనుమంతరావు ఆ గొంతు, ఆ బిత్తరచూపు మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. ఇంటికి దూలం ఏదో ప్రేక్షకులే చూపించేశారు.

2014లో గంగరాజే 'చందమామలో అమృతం' తీశారు. హోటల్ చంద్రుడి మీదికి వెళ్లింది, అమృతంగా అవసరాల శ్రీనివాస్, ఆంజి కూడా కొత్తవాడే. చూడండి, మూడు ఒకేసారి మారాయి: జంట, చోటు, నిడివి. సీరియల్‌లో నవ్వు పుట్టేది పక్కింటి పరిచయం నుంచి. వీళ్ల పిచ్చి ఆలోచన మామూలు వీధిలో, మామూలు అద్దె బాకీ మధ్య జరిగింది కాబట్టి పిచ్చిగా కనిపించింది. చంద్రుడి మీద అన్నీ వింతే, ఇక వీళ్ల వింత ఎక్కడ ఆనుతుంది? నేల మామూలుగా ఉంటేనే కాలు జారడం తెలుస్తుంది. ఊహ చిన్నదని నేననను, తెలుగులో అంత దూరం వెళ్లినవాళ్లు తక్కువ. 2020లో వచ్చిన 'అమృతం ద్వితీయం' మళ్లీ ఎపిసోడ్లకే, మళ్లీ నేల మీదికే వచ్చింది. హర్షవర్ధన్ తిరిగొచ్చారు. గుండు హనుమంతరావు 2018లో పోయారు కాబట్టి ఆంజిగా ఎల్బీ శ్రీరామ్. చూసినవాళ్లకి ఆ కుర్చీ ఖాళీ తెలుస్తూనే ఉంది, శ్రీరామ్ గారి లోపం ఏమీ లేకపోయినా.

ఇంటికెళ్లాక చేయాల్సిన పని చిన్నదే. ఒక సీరియల్ ఎంచుకోండి. మొదటి ఎపిసోడు, మధ్యలో ఏదో ఒకటి, చివరిది, మొత్తం మూడు. ఒక్కోదానికి ముళ్ల సమయాలు రాయండి. తర్వాత సినిమా చూసి, సీరియల్ చక్రం సినిమాలో ఏ నిమిషంలో తిరిగిందో వెతకండి. అసలు తిరక్కపోతే అదీ రాయండి. కారూ, కోటూ, టైటిల్ బాణీ లెక్కలోకి తీసుకోకండి, అవి అద్దెకి దొరుకుతాయి.

సరే, వెనకున్నవాళ్లు ఆ లైట్లు ఆపండి. ఇప్పుడు వేసేది 'ది జడ్జ్‌మెంట్' రెండో భాగం, 51 నిమిషాల ప్రింటు, పక్కన నల్ల పట్టీలు ఉంటాయి. "యాక్ట్ 1" అని పడగానే స్టాప్‌వాచ్ నొక్కండి.